పదిహేడో కాగితం

నా ప్రయాణాల పుస్తకంలో ములుగు మీద ఒక అధ్యాయం ఉంది. అందులో ఒక పేజీ చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ దాని గురించే. ఇరవై ఏళ్ళ కిందట, బడిపిల్లల మానసిక ఆరోగ్యం మీద జరిగిన ఒక పరిశోధనలో నేను పర్యవేక్షకుడిగా పనిచేశాను. అడవి అంచున ఉన్న ఒక ఊరి బడిలో, ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె చచ్చిపోవాలనుకుంటున్నట్టు మా ప్రశ్నాపత్రం వల్ల బయటపడిందనీ, హెడ్మాస్టరు పట్టుబట్టి ఆమె ఎవరో కనుక్కున్నారనీ, తండ్రిని పిలిచి చెప్పామనీ, ఆయన నాకు చేతులెత్తి దండం పెట్టాడనీ, అలా ఒక ప్రాణం నిలిచిందనీ రాశాను.

అందులో కొంత జరగలేదు. జరిగినదాంట్లో ముఖ్యమైనది నేను రాయలేదు. మొన్న ఫిబ్రవరి చివర నాలుగు రోజులు ఆ దారిలో మళ్ళీ వెళ్ళివచ్చాను. ఆ వైపు చూడనివాళ్ళ కోసం, ఆ పేజీ నమ్మినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఈ ప్రయాణం నా అంతట నేను పెట్టుకున్నది కాదు. నెల మొదట్లో తెనాలిలో మా ఇంటికి ఒక ఫోన్ వచ్చింది. మాట్లాడినామె పేరు కిరణ్మయి. ఉండేది హన్మకొండలో. పిల్లల మనసుల మీదే పరిశోధన చేస్తోంది. బడిలో వారానికి రెండు గంటలు, శిక్షణ ఉన్న మనిషి పిల్లలను కూర్చోబెట్టి మాట్లాడిస్తే వాళ్ళ దిగులు, భయం తగ్గుతాయా లేదా అని చూడటం ఆమె బృందం పని. పిల్లలను అందులో చేర్చుకోవాలంటే ముందు తల్లిదండ్రుల సంతకం కావాలి.

"మీరు బుక్కుల రాసిన బడే సార్. ఒక్క తల్లి గూడ సంతకం పెడ్తలేదు. ఆ బడిల అన్నం వండే అక్క అందరికి వద్దని చెప్తాంది. ఎన్కట ఒక సారు గిట్లనే పేరు రాయొద్దన్నడు, తర్వాత మా బాపును పిలిచి సదివి వినిపిచ్చిండు అంటాంది. మీ బుక్కుల వేరే తీరుగ ఉన్నది. ఏది నిజం సార్?"

"పుస్తకంలో ఉన్నదే నిజం" అని ఫోన్ పెట్టేశాను.

పదకొండు రోజుల తర్వాత నేనే ఫోన్ చేసి, వస్తానన్నాను. ఆ నెలాఖరు శుక్రవారానికి కనీసం సగంమంది సంతకాలు రాకపోతే ఆ బడిని జాబితాలోంచి తీసేసి ఇంకో బడికి ఇచ్చేస్తారని అప్పుడు చెప్పిందామె.

కేసముద్రం

విజయవాడలో రైలు మారి, డోర్నకల్ దాటాక కేసముద్రంలో దిగాను. నేను పని చేసిన రోజుల్లో ఆ బడికి హెడ్మాస్టరుగా ఉన్న రాజయ్య మాస్టారు రిటైరయ్యాక ఇక్కడే ఉంటున్నారు. కొడుక్కి మార్కెట్ యార్డులో అడ్తి దుకాణం ఉంది. రైతు తెచ్చిన సరుకును వేలంలో అమ్మిపెట్టే దుకాణమన్నమాట. పొద్దున పూట మాస్టారు అక్కడే దొరుకుతారని చెప్పారు.

యార్డు గేటు దగ్గర నుంచే మక్కల కుప్పలు, మా మొక్కజొన్నలే. ఒక షెడ్డు కింద చివరి ఏరుడు పత్తి, ఇంకో వైపు మిర్చి బస్తాలు. గుంటూరు మిర్చి ఘాటులో పెరిగినవాణ్ణి, నాకేమవుతుందిలే అని బస్తాల మధ్య నుంచి అడ్డదారిన నడిచాను. పది అడుగులు వేయకముందే తుమ్ములు పట్టుకున్నాయి. పది, పదిహేను, ఆగలేదు. బస్తాలు మోస్తున్న హమాలీ ఒకాయన పనాపి నా వైపు చూశాడు.

"ఎక్కడిది సార్ మనది?"

తుమ్ముల మధ్య తెనాలి అన్నాను.

"ఆంధ్ర సారుకు మా మిర్చి పడ్తలేదురా" అని పక్కవాడికి చెప్పి, తన సీసాలో నీళ్ళు నా దోసిట్లో పోశాడు. మా వైపు ఇలా ఒకడు తుమ్ముతుంటే నవ్వి పక్కకు తప్పుకుంటాం. ఇక్కడా నవ్వారు, కాని మొహం కడిగించాకే వదిలారు.

దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రాజయ్య మాస్టారు పేపరు చదువుతున్నారు. డెబ్బై ఐదు దాటి ఉంటాయి. నా పేరు చెబితే ఒక నిమిషం పట్టింది.

"సర్వే సారువా? నెత్తి మీది ఎంటికలు మొత్తం పోయె గదనె" అన్నారు. పది రూపాయల చాయ్ తెప్పించారు. చాయ్ అయ్యాక ఇంటికి తీసుకెళ్ళారు. జొన్నరొట్టె, పాలకూర పప్పు, పక్కన పచ్చిపులుసు. మా ఇళ్ళలో పచ్చిపులుసును అన్నంలో కలుపుకుంటాం. మాస్టారు రొట్టె తిన్నాక గ్లాసులో పోసుకుని తాగారు. నన్నూ తాగమన్నారు. బాగుంది.

వచ్చిన సంగతి చెప్పక తప్పలేదు. "మాస్టారూ, ఆ రోజు ఆ కాగితం ఎవరిదని మీరు నన్ను అడిగారు కదా" అన్నాను. ఆయన అవునంటే నా పుస్తకంలో సగం నిలబడుతుంది.

"నేనెందుకు అడుగుతనె?" అన్నారాయన, కోపం లేకుండా. "నేను జీతాల బిల్లు రాసుకుంటాన. నువ్వు కాయితాలు లెక్కపెట్టుకుంట పెట్టుకుంట ఆగినవ్. 'మాస్టారూ, మీ ఎనిమిదో తరగతిలో పదిహేడో నంబరు ఎవరు' అన్నవ్. నేను రిజిస్టర్ తీసి పేరు చెప్పిన. తండ్రిని పిలవబంపింది నేనే. నాది గూడ తప్పే. కని అడిగింది నువ్వు."

ఇక్కడ మా పని తీరు కొంచెం చెప్పాలి. ప్రశ్నాపత్రాల మీద పేర్లు రాయించేవాళ్ళం కాదు. ఎవరు ఏం రాశారో ఎవరికీ తెలియదని పిల్లలకు ముందే చెప్పేవాణ్ణి. అయితే సాయంత్రం ఆఫీసుకు లెక్క పంపాలి. హాజరు పట్టీలో ఎంతమంది ఉంటే అన్ని కాగితాలు రావాలి. అందుకని నేను ఒక సులువు కనిపెట్టాను. పిల్లలను హాజరు నంబరు వరసలో కూర్చోబెట్టి, అదే వరసలో కాగితాలు తీసుకునేవాణ్ణి. పట్టీ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటే ఐదు నిమిషాల్లో అయిపోయేది. పై ఆఫీసులో నన్ను మెచ్చుకుని, ఈ పద్ధతిని మిగతా పర్యవేక్షకులకు కూడా నేర్పమన్నారు. నేర్పాను. పేరు లేని కాగితానికి అలా పేరు వస్తుందని మాలో ఒక్కరమూ ఆలోచించలేదు.

"నీ బుక్కు మా మనవరాలు చదివి వినిపిచ్చింది" అన్నారు మాస్టారు గుమ్మం దాకా వచ్చి. "నన్ను పోలీసోన్ని చేసినవ్ గదా. ఫోన్ చేద్దామనుకున్న. ఇగ ఎందుకులే, ఆయన బుక్కు ఆయనిష్టం అనుకున్న."

క్షమించమన్నాను. "నాదేముందిలె, ఆ పిల్లను అడుగు" అన్నారు. ఆ పిల్ల ఏమైందో ఆయనకూ సరిగ్గా తెలియదు. మరుసటి ఏడే బదిలీ అయి వచ్చేశారట.

నెక్కొండ

మర్నాడు వరంగల్ వెళ్ళే ప్యాసింజరును నెక్కొండలో గంటసేపు నిలిపేశారు. రెండు బళ్ళు మమ్మల్ని దాటి పోవాలట. ప్లాట్‌ఫాం మీద ఉడకబెట్టిన పల్లికాయ పొట్లం ఇరవై రూపాయలు. నా ఎదుటి సీటులో తండ్రీ కూతురూ ఉన్నారు. పిల్ల పదో తరగతి. ఒళ్ళో స్కానింగు ఫోటోల పెద్ద కవరు.

పొట్లం చాపితే తండ్రి తీసుకున్నాడు, పిల్ల వద్దంది.

"ఏం తినది సార్. కడుపునొప్పి. మూడు దవాఖాన్లు తిరిగినం. అన్నిట్ల ఏం లేదన్నరు. పెద్ద దవాఖానకు తీస్కపోతాన."

"ఎప్పట్నుంచి?"

"పరీక్షల టైం టేబులు వచ్చిన కాడినుంచి" అంది పిల్ల, కిటికీలోంచి బయటికి చూస్తూ.

తండ్రి ఆ మాట పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను. ఇరవై ఏళ్ళ కిందట అయితే ఆ పిల్ల ముందే ఆయనకు పాఠం చెప్పేవాణ్ణి. ఈసారి, నీళ్ళ కోసం ఆయన దిగినప్పుడు వెంట దిగాను. కడుపుతో పాటు మనసు చూసే డాక్టరుకు కూడా ఒకసారి చూపించమని, అదే దవాఖానలో ఉంటారని చెప్పాను.

"పిచ్చి డాక్టరా?" అన్నాడాయన. "రేపు సంబంధాలొచ్చినప్పుడు ఎవలకన్న ఎర్కైతే?"

"ఎవరికీ చెప్పరండీ."

"ఎవలు చెప్పరని నువ్వెట్ల చెప్తవ్ సార్?"

అడిగింది మామూలుగానే. పిల్లనే అడిగి చూడండి, రెండు మాటలు చెబుతుంది అన్నాను. సీసా నింపుకుంటూ తల ఊపాడు. వరంగల్‌లో దిగేటప్పుడు తండ్రి పల్లికాయలు ఒలుస్తూ ఉంటే పిల్ల తింటోంది. ఆ తర్వాత వాళ్ళేం చేశారో నాకు తెలియదు.

హన్మకొండ

వేయిస్తంభాల గుడి గురించి, కోట గురించి నా పుస్తకంలో ఉంది. అది నిజమే, మళ్ళీ రాయను. ఈసారి నేను చూసింది ఒక చర్చి వెనక సందులో కిరణ్మయి ఇల్లు. కింద వాళ్ళ అమ్మ ఉంటుంది, పైన రెండు గదుల్లో ఆఫీసు.

మెట్లెక్కబోతుంటే వాళ్ళ అమ్మ ఆపింది. "ముందు తినుర్రి, పని యాడికి పోదు" అని సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి గిన్నె అడుగుకు మందంగా ఒత్తి కాల్చింది. మా తెనాలిలో టిఫిన్ అంటే చట్నీలు రెండో మూడో ఉండాలి. దీనికి ఏమీ అక్కర్లేదు. నేను తుంచి నోట్లో పెట్టుకోబోతుంటే ఆమె కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. చేతిలో ముక్క అలాగే పట్టుకున్నాను. ప్రార్థనలో నా ప్రయాణం కూడా వచ్చింది. "ఈయన నోటికి నిజం ఇయ్యి తండ్రీ" అంది. కిరణ్మయి ఒక కన్ను తెరిచి నా వైపు చూసి, మళ్ళీ మూసుకుంది.

పైన ఆఫీసులో ఆమె తన కాగితాలన్నీ చూపించింది. ఒక పిల్ల కాగితం మీద పేరు ఉండదు, అంకె మాత్రం ఉంటుంది. ఏ అంకె ఎవరిదన్న జాబితా ఆ ఊళ్ళో ఉండదు, ఇక్కడ తాళం వేసిన బీరువాలో ఉంటుంది. పంతులుకు కాగితం కనిపించదు. చచ్చిపోవాలని ఏ పిల్లైనా రాస్తే ఆ రోజే, శిక్షణ ఉన్న మనిషి ఆ పిల్లతో ఒంటరిగా మాట్లాడుతుంది.

"మీరు వచ్చి ఏం చెప్తరు సార్?"

"జరిగింది జరిగినట్టు."

"అది వింటె అసలుకే పెట్టకపోవచ్చు. మీ మీది కోపం నా మీద పడ్తది."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతె ఎట్లాగు పెడ్తలేరు గదా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పరిశోధన అంటే ఆ రోజుల్లో నాకు లెక్క. ఎన్ని బడులు, ఎన్ని కాగితాలు అని. ఆమె మాటల్లో ఒక్కసారి కూడా కాగితాలు ఎన్ని అన్న మాట రాలేదు.

ములుగు

హన్మకొండ నుంచి కిరణ్మయితో కలిసి ములుగుకు బస్సు. నేను పని చేసిన రోజుల్లో ఇదంతా ఒకటే వరంగల్ జిల్లా. ఇప్పుడు ములుగే జిల్లా. ఊరు మారినంతగా దారి మారలేదు. రోడ్డుకు రెండు పక్కలా మోదుగలు పూసి ఉన్నాయి, ఆకు ఒక్కటి లేకుండా.

బస్టాండులో డజను అరటిపళ్ళు కొన్నాను, ఖాళీ చేతులతో వెళ్ళడం ఎందుకని. కిరణ్మయి జీపు మాట్లాడేలోపు ఒక కోతి వచ్చి సంచీ పట్టుకుంది. నేను లాగాను. అది నా మొహంలోకి చూసింది. వదిలేశాను. "ఇచ్చుడు మంచిదైంది, నిన్న ఒకాయనను కరిచింది" అన్నాడు పళ్ళబండి ఆయన. ఇంకో డజను కొనమని కూడా అన్నాడు. కొనలేదు.

జీపులో మాతో పాటు మిరప ఏరడానికి వెళ్ళే ఆడవాళ్ళు పదకొండుమంది, ఒక మేక. మనిషికి ముప్ఫై, మేకకు కూడా ముప్ఫై. మేక తాలూకు ఆవిడ బేరమాడితే డ్రైవరు, "అది గూడ సీటు మీదనే కూసుంటది గదా అక్కా" అన్నాడు. నిజమే, మేక సీటు మీదే కూర్చుంది. నేను నిలబడ్డాను.

బడికి చేరేసరికి పిల్లలు భోజనాలకు కూర్చుంటున్నారు. వంటింటి రేకుల షెడ్డు కింద, పప్పు గిన్నెలో గరిటె పెట్టుకుని నిలబడ్డామెను కిరణ్మయి చూపించింది. రజిత అందాం. అది ఆమె పేరు కాదు, కింద వచ్చే ఆమె కూతురి పేరు కూడా మార్చాను. ఊరి పేరు రాయను. ముప్ఫై నాలుగేళ్ళుంటాయి. పదిహేడో నంబరు.

"గీ సారేనా?" అంది కిరణ్మయితో. తర్వాత నన్ను చూసి, "తిన్నరా?" అంది.

"లేదమ్మా."

"పిల్లలు తిన్నంక తిందురు. కూసోండ్రి."

గోడ పక్కన కూర్చున్నాను. ఆ రోజు గుడ్డు రోజు. పిల్లలందరూ లేచాక స్టీలు పళ్ళెంలో అన్నం, పప్పు, ఒక గుడ్డు పెట్టి ఇచ్చింది. నేను తినేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆకలి మీద ఉన్న మనిషిని ఏమీ అనరు ఈ ఊళ్ళలో. మా వైపు గొడవ ముందు, భోజనం తర్వాత.

"పప్పుల ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది."

"ఇగ చెప్పుండ్రి."

ఆ కాగితం ఎవరిదో హెడ్మాస్టరు అడగలేదనీ, నేనే అడిగాననీ, పుస్తకంలో తిరగేసి రాశాననీ చెప్పాను. ఆమె గరిటె తుడిచి పక్కన పెట్టింది.

"ఎవలు అడిగిండ్రో నాకెర్కలేదు. నాకెర్కైంది ఒక్కటే. నువ్వు సదివినవ్. మా బాపుకు సదువు రాదు. కాయితం తలకిందులుగ పట్టుకున్నడు. నువ్వు ఆయన చేతుల్నించి తీస్కొని, ఏలు పెట్టి సదివినవ్. నేను దర్వాజ కాడ నిలవడ్డ."

అది నాకు గుర్తుంది. పుస్తకం రాసేటప్పుడూ గుర్తుంది.

"ఎందుకు రాసినవ్ బిడ్డా అని అడిగినవా?"

"లేదమ్మా."

"ఆ ఎండకాలమే మా చెల్లె జరమొచ్చి సచ్చిపోయింది. ఏడేండ్లది. ఇద్దరం ఒక్క మంచంల పండుకునేటోళ్లం. దాని దగ్గరికి పోవాలనిపిస్తుండె. ఇంట్ల ఎవ్వలతోని అనలే, మా అవ్వ ముందే ఏడుస్తుండె. నన్ను ఎవ్వలడగలే. మీ కాయితం అడిగింది. అడిగింది గదా అని నిజం రాసిన."

పిల్లలు కుళాయి దగ్గర పళ్ళేలు కడుగుతున్నారు. ఆ చప్పుడు తగ్గేదాకా ఆగింది.

"బాపు ఏమనుకున్నడో ఎర్కనా? పిల్ల ఎవన్నో ప్రేమించింది అనుకున్నడు. ఎనిమిదో తరగతి పిల్లకు సచ్చే కష్టం ఇంకేముంటది అని. తెల్లారి నుంచి బడి బంద్. మిరప ఏరవంపిండు. పందొమ్మిదికి పెండ్లి చేసిండు."

"ఆయన ఆ రోజు నాకు దండం పెట్టాడమ్మా, నేను మంచే జరిగిందనుకున్నాను" అన్నాను.

రజిత ఆ మాటే అందుకుంది. "పెట్టిండు. ఎవలకు చెప్పకుండ్రి సారూ అని పెట్టిండు. నువ్వు బుక్కు రాసినవ్."

నేను ఆ పేజీ తీసేయిస్తానని చెప్పాను.

"తీసేస్తె ఎవలకు ఎర్కైతది? దాని కిందనే ఇది రాయి. మా పేర్లు రాయకు."

అప్పుడు తన కూతురి సంగతి చెప్పింది. అక్షయ ఇదే బడిలో ఎనిమిదో తరగతి. రెండు నెలల నుంచి ఇంట్లో సరిగ్గా మాట్లాడటం లేదు. అన్నం కలుపుకుని కూర్చుంటుంది, తినదు. అడిగితే ఏం లేదంటుంది. "మేడమోళ్లు మాట్లాడిస్తమంటె నాకు మంచిదే అనిపిస్తాంది. సంతకానికి చెయ్యి వస్తలేదు. నాకే రాకపోతె ఊరోళ్లకు ఎట్ల చెప్త?" అంది. తర్వాత, "రేపు అందరిని పిలుస్త. వాళ్ల ముందట చెప్తవా?"

"చెప్తాను."

"ఉన్నదే చెప్పు. ఏడ్వకు. నువ్వేడిస్తె ఆడోళ్లు నీ దిక్కు అయితరు."

బడి వరండా

శుక్రవారం పొద్దున వరండా నిండింది. తల్లులు యాభైమంది దాకా, తండ్రులు పది పన్నెండుమంది వెనక గోడకు ఆనుకుని. రజిత అందరికీ చాయ్ పోసింది, నాకు కూడా. నా వెనక ఎనిమిదో తరగతి గది. ఆ రోజు కాగితాలు లెక్కపెట్టింది దాని పక్క గదిలోనే.

ఉన్నది చెప్పాను. పేరు రాయొద్దని పిల్లలకు నేను ఇచ్చిన మాట, నంబరు వరస, నేను అడిగిన ప్రశ్న, తండ్రికి చదివి వినిపించడం, పుస్తకంలో తిరగేసి రాయడం. ఆ పిల్ల ఎవరో చెప్పలేదు. అక్కడ తెలియనివాళ్ళు ఎవరూ లేరు. చెప్పడానికి పది నిమిషాలు పట్టలేదు.

ముందు వరసలో ఒక ముసలామె నోరు విప్పింది. "ఇరవై ఏండ్లు పట్టిందా బిడ్డా యాదికి రానీకి? గింత సదువుకున్నోనివి, మాకన్న మరుపు ఎక్కువనే ఉన్నది."

నవ్వారు. వెనక నుంచి ఒకాయన, "గిప్పుడు చెప్పింది గూడ బుక్కుల రాస్తవా సార్?" అన్నాడు. రాస్తానన్నాను. "మల్ల రాస్తడట" అన్నాడు పక్కవాళ్ళతో. ఇంకోసారి నవ్వారు, ఈసారి కొంచెం తక్కువ.

తర్వాత నన్ను వదిలేసి కిరణ్మయిని అడగడం మొదలుపెట్టారు. పంతుళ్ళకు చూపిస్తరా, ఫోన్లల్ల పెడ్తరా, మందులిస్తరా, పిల్లకు పిచ్చి అని రాస్తరా. ఒక్కొక్కదానికీ చెప్పింది. ఒకామె, "నా కొడుకు అన్ని అబద్దాలే రాస్తడు, వానితోని మీకేం లాభం" అంటే, "అబద్దాలు ఎందుకు రాస్తాండో అదైన తెలుస్తది గదా అక్కా" అంది కిరణ్మయి. ఆ మాట వాళ్ళకు నచ్చింది.

రజిత అందరి తర్వాత లేచింది.

"నా బిడ్డ నా లెక్కనే రాసిందనుకో. ముందుగాల ఎవలకు చెప్తరు?"

"ముందుగాల మీ బిడ్డతోనే మాట్లాడ్తం అక్కా, పక్కకు కూసోబెట్టి. ప్రాణానికి భయం ఉన్నదనిపిస్తె మీకు చెప్పక తప్పది. కని ఆ ముచ్చట గూడ పిల్లకు ముందే చెప్తం, రాయకముందే."

"పిల్లకు చెప్పి నాకు చెప్తరా, నాకు చెప్పి పిల్లకా?"

"పిల్లకు చెప్పి."

"గదే కాయితం మీద రాయి."

కిరణ్మయి కాగితం మీద రాసి, గట్టిగా చదివింది. రజితకు సరిపోలేదు. కాగితం తీసుకుని, స్తంభానికి ఆనించి, కింద తానే ఒక ముక్క రాసింది. ఎనిమిదో తరగతి మధ్యలో ఆగిన చేతిరాత, పెద్ద పెద్ద అక్షరాలు. ఆమె చూడమంటేనే చూశాను. పిల్లకు ఎరుక లేకుండా తల్లికి కూడా చెప్పొద్దు అని ఉంది. దాని కింద సంతకం.

"తల్లికి గూడనా?" అంది ముసలామె.

"మొదలు తల్లికే" అంది రజిత. "ఏదన్న వింటె ముందుగాల ఇల్లు లేపేది మనమే గదా అవ్వా."

ఆ మాట తమ కాగితాల మీద కూడా రాయమన్నారు చాలామంది. ఒక్కొక్కరూ రాయించుకుని సంతకం పెట్టారు. కొందరు వేలిముద్ర వేశారు. అందరూ పెట్టలేదు. ముసలామె మనవణ్ణి తీసుకుని, "మాకొద్దు తల్లీ" అని వెళ్ళిపోయింది. ఒకామె ఇంట్లో అడిగి చెప్తానంది, తిరిగి రాలేదు. మధ్యాహ్నానికి సగం దాటాయి. బడి జాబితాలో నిలిచింది. నేను లెక్కపెట్టలేదు, కిరణ్మయి చెప్పింది.

తల్లి సంతకం పెట్టినంత మాత్రాన సరిపోదు, పిల్లలు కూడా ఒప్పుకోవాలి. భోజనాలయ్యాక సంతకాలు వచ్చిన పిల్లలకు కిరణ్మయి తలా ఒక చీటీ ఇచ్చింది. చేరుతాను, చేరను అని రెండు గళ్ళు. చీటీ మీద అంకె ఉంది, పేరు లేదు. ఏ వరసా లేదు, ఎక్కడైనా కూర్చోవచ్చు. మడిచి, గుడ్లు వచ్చిన అట్టపెట్టెలో వేయాలి.

పిల్లలు చెల్లాచెదరుగా వెళ్ళారు. కొందరు మెట్ల మీద, కొందరు గోడవారన. అక్షయ పొడుగ్గా, సన్నగా ఉంది. చీటీ తీసుకుని వరండా చివరికి నడిచి, మాకందరికీ వీపు పెట్టి నిలబడింది. మోచెయ్యి కదలడం లేదు. ఒక గడిలో టిక్కు పెట్టడానికి అంతసేపు పట్టదు.

రజిత పప్పు గిన్నె ముందు వేసుకుని తోముతోంది. కూతురు ఎటు వెళ్ళిందో చూసింది, చూసి షెడ్డు లోపలి వైపు తిరిగి కూర్చుంది. గిన్నె ఎప్పుడో తెల్లబడింది. అయినా తోముతూనే ఉంది.

నేను మాత్రం ఆ మోచెయ్యి వైపే చూస్తున్నాను.

"గటు చూడకు సారూ" అంది రజిత, తల తిప్పకుండానే.